కేంద్రము లేని విస్తరణము

విశ్వము విస్తరించుచున్నదన్న మాట వినగానే ఆలోచనాపరుడైన ప్రతివానికిని కలుగు మొదటి సంశయము, అది యెచ్చటినుండి విస్తరించుచున్నదనునదియే. వ్యాపించుచున్న దేనికైనను నడుమ ఒక చోటుండుననియు, ఆ చోటు కదలక నిలిచియుండగా తక్కిన భాగములు దానినుండి నలుదెసలకు తొలగిపోవుననియు మన నిత్యానుభవము మనకు బోధించియున్నది. కనుక ఈ సంశయమును పామరుల ప్రశ్నయని త్రోసిపుచ్చుట న్యాయము గాదు. అంతేకాదు, దూరదర్శినితో ఆకసమును పరికించినవానికి కనబడు దృశ్యము కూడ ఈ సంశయమును తీర్చుటకు మారుగా బలపరచునట్టిదే: ఏ దిక్కునకు చూచినను సుదూరపు గెలాక్సీలన్నియు మననుండియే తొలగిపోవుచున్నవి, ఉత్తరమున నున్నవి ఉత్తరమునకును, దక్షిణమున నున్నవి దక్షిణమునకును పరుగిడుచున్నవి. ఇట్టి దృశ్యమును చూచినవాడు విశ్వమునకు నడిబొడ్డున మనమే యున్నామనుకొనినచో వానిని తప్పుపట్టుట యెట్లు? అయినను ఖగోళశాస్త్రజ్ఞులు, మనము కేంద్రమున లేమనియు, మరెవ్వరును లేరనియు, అసలు కేంద్రమనునదే లేదనియు చెప్పుచున్నారు. ఈ మాట వారు వినయముచేత చెప్పినది గాదు. కోపర్నికసు నాటినుండి అలవడిన తాత్త్విక సంప్రదాయమును మన్నించి చెప్పినదియు గాదు. గెలాక్సీలు తొలగిపోవు తీరులోనే, వాని వేగములకును దూరములకును గల సంబంధములోనే, కేంద్రము లేదను సంగతి లిఖింపబడియున్నది. ఆ లిపిని చదువు విధమును వివరించుటయే ఈ అధ్యాయమున నా ప్రయత్నము.

మానవుడు తన్ను తాను నడుమ నిలుపుకొనుట క్రొత్త గాదు. భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని క్రీ. శ. 499 నాటికే ధైర్యముగా పలికిన ఆర్యభటుడు సైతము గ్రహకక్ష్యలకు నడుమ భూమినే యుంచెను. 1543లో కోపర్నికసు ఆ పీఠమును సూర్యునకిచ్చెను. 1918లో హార్లో షాప్లీ, గోళాకార నక్షత్రగుచ్ఛములు ఆకసమున నెట్లు పరచుకొనియున్నవో లెక్కించి, సూర్యుడు కూడ పాలపుంతకు నడుమ లేడని చూపెను. నేటి కొలతల ప్రకారము పాలపుంత కేంద్రము మనకు దాదాపు 26,000 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. ఈ మార్పులన్నింటను కేంద్రము ఒక చోటినుండి మరొక చోటికి జరిగినదే గాని, కేంద్రమనునది ఎక్కడనో కలదను నమ్మకము మాత్రము చెక్కుచెదరలేదు. దానిని కదలించినది తాత్త్వికుల వాదము గాదు, వర్ణపటములలోని కొన్ని సన్నని గీతలు.

అమెరికా దేశమున, అరిజోనా రాష్ట్రములోని ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణము చెంతనున్న లోవెల్ వేధశాలలో వెస్టో స్లైఫర్ అను పరిశోధకుడు 1912లో ఆండ్రోమెడా నీహారిక యొక్క వర్ణపటమును ఛాయాచిత్రఫలకముపై పట్టుకొనెను. కాంతిని వెలువరించు వస్తువు మనవైపు వచ్చుచున్నచో దాని వర్ణపటములోని రేఖలు నీలివైపునకును, మననుండి తొలగిపోవుచున్నచో ఎరుపువైపునకును జరుగును. ఆండ్రోమెడా రేఖలు నీలివైపునకు జరిగియుండెను. అది సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగముతో మనవైపు వచ్చుచున్నట్లు లెక్క తేలెను. స్లైఫర్ అంతటితో తృప్తిపడక, మసకమసకగా కనబడు నీహారికల నొక్కొక్కదానిని పట్టుకొని, చిన్న దూరదర్శినితోనే సుదీర్ఘకాలము కాంతిని కూడబెట్టి, 1917 నాటికి 25 నీహారికల వేగములను కొలిచెను. వానిలో 21 నీహారికలు మననుండి తొలగిపోవుచున్నవి. ఆ నీహారికలు పాలపుంతలోని వాయుమేఘములా, లేక పాలపుంతవంటి వేరు నక్షత్రరాజ్యములా అనునది అప్పటికింకను తేలలేదు. తన కొలతల పూర్తి అర్థము తెలియకుండగనే ఒక మహత్తర సత్యమునకు పునాదిరాళ్లు పేర్చిన ఈ మనుష్యుని పేరు మన పుస్తకములలో తగినంతగా వినబడకపోవుట నాకు చాల కష్టముగా తోచును.

వేగము తెలిసినను దూరము తెలియనిదే ఫలము లేదు. ఆ దూరమును కొలుచుటకు కావలసిన కొలబద్దను హార్వర్డు వేధశాలలో పనిచేయుచుండిన హెన్రియెట్టా లెవిట్ అదే 1912లో సమకూర్చెను. చిన్న మెగల్లానిక్ మేఘమున వెలుగు హెచ్చుచు తగ్గుచునుండు సెఫీడ్ తారలను ఇరువదియైదింటిని పరీక్షించి, ఈ హెచ్చుతగ్గుల ఆవర్తనకాలము ఎంత దీర్ఘమైనచో ఆ తార సహజముగా అంత ఉజ్జ్వలమైనదని ఆమె కనుగొనెను. సహజమైన వెలుగు తెలిసినప్పుడు, మనకు కనబడు వెలుగుతో దానిని పోల్చి దూరమును గణించుట సులభము. 1923వ సంవత్సరము అక్టోబరు మాసమున కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ శిఖరముపై 100 అంగుళముల దూరదర్శినితో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో అట్టి సెఫీడ్ తార నొకదానిని పట్టుకొనెను. ఆయన గణనము ప్రకారము అది దాదాపు 9 లక్షల కాంతి సంవత్సరముల దూరమున నున్నది. నేడు మనకు తెలిసిన దూరము సుమారు 25 లక్షల కాంతి సంవత్సరములు. సంఖ్య తప్పినను నిర్ణయము తప్పలేదు: ఆండ్రోమెడా పాలపుంతకు బహుదూరమున నున్న మరొక నక్షత్రరాజ్యము. అట్టివానినే నేడు గెలాక్సీలనుచున్నాము.

1929లో హబుల్ తన దూరములను స్లైఫర్ కొలిచిన వేగములతోను, తన సహచరుడు మిల్టన్ హ్యూమసన్ కొలిచిన వేగములతోను జతపరచి, 24 గెలాక్సీల పట్టికను ప్రకటించెను. హ్యూమసన్ పెద్ద చదువులు చదివినవాడు గాదు. మౌంట్ విల్సన్ వేధశాల నిర్మాణకాలమున కంచరగాడిదలపై సామగ్రిని కొండమీదికి తోలి, పిమ్మట అచ్చటనే ఊడ్చి తుడుచు పనిలో కుదిరి, తన నేర్పుచేత పరిశోధకుడైనవాడు. ఈ యిరువురి కృషివలన తేలిన నియమము మిక్కిలి సరళమైనది: గెలాక్సీ ఎంత దూరమున నున్నచో అంత వేగముగా తొలగిపోవుచున్నది. రెండింతల దూరమున నున్నది రెండింతల వేగముతోను, మూడింతల దూరమున నున్నది మూడింతల వేగముతోను పోవుచున్నది. పాఠకులు ఇచ్చట ఒక్క క్షణము నిలువవలెను. వేగము దూరమునకు అనులోమానుపాతముగా నున్నదను ఈ చిన్న మాటలోనే మన ప్రశ్నకు సమాధానము దాగియున్నది.

ధనుర్మాసమున ఇంటి ముంగిట పెట్టు చుక్కల ముగ్గును తలచుకొనుడు. గీతలు కలుపకముందు చుక్కలు మాత్రమే వరుసలు తీరి, ఒకదానికొకటి బెత్తెడు దూరమున నున్నవి. ఈ వరుసలకు నలువైపుల అంచు లేదనియు, ఎంత దూరము పోయినను చుక్కలే యున్నవనియు భావించుడు. ఒక గడియలో ఎడములన్నియు సరిసమానముగా రెండింతలైనవనుకొందము. ఏదో ఒక చుక్కను ఎన్నుకొని దానిమీద నిలిచి చూచినచో, బెత్తెడు దూరమున నున్న చుక్క రెండు బెత్తెలకు పోయినది, అనగా ఒక బెత్తెడు జరిగినది. రెండు బెత్తెల దూరమున నున్నది నాలుగు బెత్తెలకు పోయినది, అనగా రెండు జరిగినది. మూడు బెత్తెల దూరమున నున్నది ఆరింటికి పోయినది, అనగా మూడు జరిగినది. ఎంత దూరమో అంత వేగము. ఇప్పుడా చుక్కను విడిచి, పది వరుసల కావలనున్న మరొక చుక్కమీద నిలిచి ఈ లెక్కనే మరల చేయుడు. ఒక్క అంకెయైనను మారదు. అచ్చట నిలిచినవానికిని తక్కిన చుక్కలన్నియు తననుండియే తొలగినట్లును, దూరమునకు తగిన వేగముతో తొలగినట్లును కనబడును. అందరును తామే కేంద్రమనుకొనుటకు సమానమైన ఆధారము గల చోట ఏ యొక్కనికిని ఆ హక్కు చెల్లదు. ముంగిటి ముగ్గునకు క్రింద కదలని నేలయున్నది. విశ్వమునకు అట్టి నేల లేదను ఒక్క భేదమును మాత్రము గుర్తుంచుకొనవలెను.

ఈ ఫలితము ఏ విస్తరణమునకైనను సహజముగా వచ్చునని భ్రమపడరాదు. అనుపాత నియమమునకు బదులు మరొక నియమముండినచో కథ మారిపోయెడిది. వేగము దూరముయొక్క వర్గమునుబట్టి యుండెడిదనుకొందము. అప్పుడు నేను నిలిచిన చుక్కనుండి ఒకటవది ఒక వంతు వేగముతోను, రెండవది నాలుగు వంతులతోను, మూడవది తొమ్మిది వంతులతోను తొలగిపోవును. ఆ ఒకటవ చుక్కమీద నిలిచినవానికి ఏమి కనబడునో చూడుడు: వెనుకనున్న నేను ఒక వంతు వేగముతో తొలగుచుండగా, అంతే దూరమున ముందున్న రెండవ చుక్క నాలుగింటిలో ఒకటి పోగా మూడు వంతుల వేగముతో తొలగును. ముందొక తీరు, వెనుకొక తీరు. ఆ అసమానతను కొలిచి వాడు "నేను కేంద్రమున లేను, కేంద్రము నా వెనుకనున్నది" అని నిశ్చయముగా చెప్పగలడు. ఏ చోటనుండి చూచినను, ఏ దిక్కునకు చూచినను ఒకే రీతిగా కనబడు విస్తరణమునకు ఆధారమైన నియమము అనుపాత నియమమొక్కటే. ప్రకృతిలో కనబడినదియు సరిగా అదియే. మనము కేంద్రమున నున్నామని భ్రమింపజేయు దృశ్యమే, జాగ్రత్తగా కొలిచినచో, కేంద్రమును చెరిపివేయు సాక్ష్యమగుచున్నది. ఖగోళశాస్త్రమున నేను చదివిన తర్కములలో ఇంత తక్కువ గణితముతో ఇంత దూరము పోవునది మరొకటి లేదు.

హబుల్ నిర్ణయించిన సంఖ్య తరువాత చాల మారినది. 10 లక్షల పార్సెకుల దూరమునకు, అనగా సుమారు 32 లక్షల 60 వేల కాంతి సంవత్సరములకు, సెకనుకు 500 కిలోమీటర్ల చొప్పున వేగము హెచ్చునని ఆయన లెక్క. ఆ లెక్క నిజమైనచో విశ్వమునకు 200 కోట్ల యేండ్ల వయస్సు మాత్రమే యుండవలెను. అది భూమి వయస్సుకంటె తక్కువ! సెఫీడ్ తారలలో రెండు జాతులున్నవని 1952లో వాల్టర్ బాడె ప్రకటించినపుడు దూరములు ఒక్కసారిగా రెండింతలైనవి. నేడు ఆ సంఖ్య 67కును 73కును నడుమనున్నది; ఏది సరియైనదను వివాదము ఇంకను సాగుచున్నది. కాని మన ప్రశ్నకు ఆ సంఖ్యతో పనిలేదు. వేగమును దూరమును కలుపు రేఖ యొక్క వాలు ఎంతయైన నుండనిమ్ము; సన్నిహిత విశ్వమున అది సరళరేఖయై యుండుటయే ముఖ్యము. హబుల్ పట్టిక 65 లక్షల కాంతి సంవత్సరములకు మించి పోలేదు. 1931 నాటికే ఆయనయు హ్యూమసనును సెకనుకు దాదాపు 20,000 కిలోమీటర్ల వేగము గల గెలాక్సీలవరకు దానిని పొడిగించిరి. రేఖ వంగలేదు.

ఈ విస్తరణమును చూడకముందే కాగితముపై ఊహించినవారిద్దరు కలరు. పెట్రోగ్రాడు నగరమున అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ 1922లో ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతమునుండి విస్తరించు విశ్వములను సాధించెను. ఐన్‌స్టైన్ మొదట ఆ లెక్క తప్పనియెను; మరుసటి సంవత్సరము తన ఆక్షేపణను బహిరంగముగా ఉపసంహరించుకొనెను. ఫ్రీడ్‌మన్ 1925లో, తన 37వ యేట, సన్నిపాత జ్వరముచేత మరణించెను. బెల్జియము దేశపు మతాచార్యుడును గణితవేత్తయునైన జార్జ్ లెమేటర్ 1927లో అదే మార్గమున స్వతంత్రముగా నడచి, గెలాక్సీల వేగములను ఆ గణితముతో ముడివేసెను. ఆ కృషికి గుర్తుగా 2018లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సభ్యులు ఈ నియమమును హబుల్-లెమేటర్ నియమమని వ్యవహరింపవలెనని తీర్మానించిరి. వీరి గణితమున గెలాక్సీలు స్థిరమైన ఆకాశములో పరుగిడునవి గావు. గెలాక్సీల నడుమనున్న ఆకాశమే పెరుగుచున్నది. ప్రతిచోటను, ప్రతి దిక్కునకును, ఏకరీతిగా పెరుగుచున్నది. సుదూరపు కాంతి మార్గమధ్యమున ఆకాశముతోపాటు సాగి, దాని తరంగములు పొడవై, ఎరుపుబారుచున్నది.

జనబాహుళ్యమున వ్యాపించిన "మహావిస్ఫోటము" అను పేరు ఈ విషయమున గొప్ప అపకారము చేసినదని నా అభిప్రాయము. విస్ఫోటమనగానే ముందే యున్న ఖాళీ జాగాలో ఒక చోట ప్రేలుడు సంభవించి, శకలములు బయటికి చిమ్మినట్లు మనస్సునకు తోచును. అట్టి ప్రేలుడునకు మూడు లక్షణము లుండవలెను: శకలములు ఇంకను చేరని వెలుపలి శూన్యము, లోపలి ఒత్తిడి అధికముగను, బయటి ఒత్తిడి అల్పముగను ఉండుట, నడుమనుండి అంచువైపు పోవుకొలది సాంద్రత మారుట. ఆకసమును లోతుగా కొలిచిన పరిశోధకులకు ఈ మూడింటిలో ఒక్కటియు కనబడలేదు. కొన్ని పదుల కోట్ల కాంతి సంవత్సరముల పరిమాణమున సరాసరి తీసినచో, ఇచ్చటి గెలాక్సీల సాంద్రతయు అచ్చటి సాంద్రతయు సమానముగనే యున్నవి. లోపలనుండి బయటికి త్రోయు ఒత్తిడి ఈ విస్తరణమునకు కారణము గాదు. ఒత్తిడి అంతటను సమానమైనపుడు అది దేనిని ఏ వైపునకు త్రోయగలదు?

"మరి ఆదియందు విశ్వమంతయు ఒక్క బిందువై యుండెనందురు గదా, ఆ బిందువు ఎచ్చట?" అని మీరు అడుగవచ్చును. నేడు మనకు కనబడునంతటి భాగము 1,380 కోట్ల యేండ్ల క్రిందట అత్యల్ప ప్రదేశమున ఇమిడి యుండెననుట నిజమే. కాని మనకు కనబడునది సమస్త విశ్వము గాదు. విశ్వము అనంతమైనచో అది ఆ నాడును అనంతమే. అంతటను ఒక్కమారే దట్టముగను, వేడిగను ఉండెను. అనంతమైనదానిని ఎంతగా కుదించినను అది అనంతమే. లెక్క నింకను వెనుకకు నడిపించినచో, సాంద్రత అపారమగు ఒక మేర వచ్చును. కలకత్తాకు చెందిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రకటించిన సమీకరణము, విశ్వము సర్వత్ర సమానమను ఊహ లేకయే, సాపేక్ష సిద్ధాంతమున ఆ మేర ఎట్లు తలయెత్తునో చూపెను. రోజర్ పెన్రోజ్, స్టీఫెన్ హాకింగ్ సాధించిన సిద్ధాంతములకు అది ఆధారమైనది. ఆ మేర ఒక స్థలము గాదు, కాలముయొక్క ఒక హద్దు. దానిని వేలితో చూపుటకు వీలులేదు, ఏలయనగా అది ఏ దిక్కునను లేదు. అన్ని దిక్కులును దాని తరువాత పుట్టినవే. ఈ యింటిలోను, ఆండ్రోమెడాలోను, కనబడని దూరపు గెలాక్సీలోను ప్రతి స్థలమునకును గతమున అది సమానమైన ఎడమున నున్నది.

విశ్వము అనంతము గాక పరిమితమైనను కేంద్రము దొరకదు. గోళము లోపల కేంద్రము గలదు గాని, గోళతలమునకు, అనగా కేవలము ఆ పైతలమునకు, కేంద్రము లేదు. తలముపై నున్న ఏ బిందువును మరొక బిందువుకంటె ప్రత్యేకము గాదు, అంచును లేదు, వైశాల్యము మాత్రము పరిమితము. ఐన్‌స్టైన్ 1917లో ఊహించిన విశ్వము ఈ తలమునకు మూడు పరిమాణముల సాదృశ్యము. గోళతలమునకు లోపల బిందువొకటి గలదు గదా యని మనస్సు మొండికెత్తవచ్చును. కాని గణితమున ఆ లోపలి భాగము అనవసరము, తలము తనంతట తాను వర్ణింపబడగలదు. మన ఆకాశమునకు అట్టి లోపలి పరిమాణమొకటి కలదనుటకు ఏ సాక్ష్యమును లేదు. మరియు, కొలతలు అందిన మేరకు మన ఆకాశమున వక్రత మిక్కిలి స్వల్పము. ఇప్పటివరకు అది సున్నకు భిన్నమని తేలలేదు.

ఒక అర్థమున మాత్రము మనము నిజముగా కేంద్రమున నున్నాము. విశ్వమునకు వయస్సున్నందున, అతిదూరపు కాంతి ఇంకను మనలను చేరలేదు. చేరిన కాంతి యావత్తును మనచుట్టు ఒక గోళమును గీయును; విస్తరణమును లెక్కలోనికి తీసికొనినచో దాని వ్యాసార్ధము నేడు దాదాపు 4,600 కోట్ల కాంతి సంవత్సరములు. ఆ గోళమునకు కేంద్రము మనమే. సముద్రమధ్యమున నున్న ప్రతి ఓడకును తన దిగంతవృత్తము తనదే యైనట్లు, ప్రతి గెలాక్సీకిని తన గోళము తనది. ఇది చూచువానికి సంబంధించిన కేంద్రము, విశ్వమునకు సంబంధించినది గాదు.

ఇంతవరకు గెలాక్సీల సాక్ష్యమును చెప్పితిని. దానికంటె బలీయమైన సాక్ష్యము 1964, 1965 సంవత్సరములలో దొరకినది. న్యూజెర్సీ రాష్ట్రపు హోమ్‌డెల్‌లో బెల్ ప్రయోగశాలల కొమ్ము ఆకారపు ఆంటెనాతో పనిచేయుచున్న ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ అనువారికి, ఏ దిక్కునకు త్రిప్పినను తగ్గని, రాత్రింబవళ్లు మారని ఒక సన్నని రేడియో రొద వినబడెను. విశ్వము పుట్టిన దాదాపు 3,80,000 యేండ్లకు, వేడి ద్రవ్యము చల్లబడి పారదర్శకమైనపుడు విడువబడిన కాంతియే, విస్తరణముచేత సాగి, 2.725 కెల్విన్ ఉష్ణోగ్రత గల సూక్ష్మతరంగములై మనలను చేరుచున్నదని పిమ్మట నిశ్చయమైనది. 1978లో వారికి నోబెల్ బహుమానము లభించెను. ప్రేలుడు ఒక చోట జరిగియుండినచో దాని వెలుగు ఆ వైపునుండియే రావలెను. నేపథ్య వికిరణమని పిలువబడు ఈ వెలుగు మాత్రము సర్వదిశలనుండియు సమానముగా వచ్చుచున్నది. 1989లో పంపబడిన కోబె ఉపగ్రహము, ఈ ఉష్ణోగ్రతలో దిక్కుదిక్కునకు గల సహజభేదము లక్షలో ఒక వంతు మాత్రమేయని 1992లో తేల్చెను.

లక్షలో ఒక వంతు అని చెప్పినది మరొక పెద్ద భేదమును తీసివేసిన తరువాతి మాట. దానిని దాచుట సత్యమునకు ద్రోహమగును. ఆకసమున సింహరాశి సమీపపు దిక్కున ఈ వికిరణము వేయింట ఒక వంతు కొంచెము మించి వెచ్చగను, సరిగా దానికెదురు దిక్కున అంతే చల్లగను ఉన్నది. సూర్యుడు సెకనుకు సుమారు 370 కిలోమీటర్ల వేగముతో ఆ వైపు సాగిపోవుటయే దీనికి కారణము. అనగా, ఈ వికిరణము సర్వసమానముగా కనబడు నిశ్చలస్థితి యొకటి విశ్వమున కలదు. మనము దానిలో లేము. దీనిని విని కొందరు, నిశ్చలస్థితి యున్నపుడు కేంద్రమును ఉన్నట్లే గదా యని తొందరపడుదురు. నిశ్చలత వేరు, కేంద్రము వేరు. నిశ్చలత ఒక వేగమునకు సంబంధించినది, కేంద్రము ఒక స్థలమునకు సంబంధించినది. ప్రతి స్థలమునను ఈ వికిరణమునకు నిశ్చలముగా నుండు ఒక గతి కలదు. ముగ్గులోని ప్రతి చుక్కయు తనచోట నిశ్చలమే. కనుక ఈ నిశ్చలస్థితి ఏ స్థలమును ప్రత్యేకించి చూపజాలదు.

ఐనను కఠినమైన ఒక ఆక్షేపణ మిగిలియున్నది. మనచుట్టు అంతయు సమానముగా కనబడుటకు రెండు కారణము లుండవచ్చును: విశ్వమంతటను సమానమైనదగుట, లేదా మనము నిజముగానే నడుమ నుండుట. దూరదర్శిని ఒక్కచోటనే యున్నది గనుక, రెండవదానిని కేవలము వినయముచేత త్రోసివేయుట శాస్త్రము గాదు. 1930 తరువాతి దశకమున ఆక్స్‌ఫర్డులోని గణితవేత్త మిల్న్, విశ్వము ఎల్లచోటులనుండియు ఒకేరీతిగా కనబడునను భావమును విశ్వసూత్రముగా ప్రతిపాదించినపుడు అది పరీక్షింపబడని ఊహ. దానిని పరీక్షించు అవసరము 1998 తరువాత కలిగినది. దూరపు సూపర్‌నోవాలు, అనగా ప్రేలు తారలు, ఊహించినదానికంటె మసకగా నున్నవనియు, విస్తరణము త్వరితమగుచున్నదనియు రెండు పరిశోధకవర్గములు ఆ యేట ప్రకటించినవి. దీనికి కారణముగా అదృశ్యశక్తిని కల్పించుటకంటె, మనము వందల కోట్ల కాంతి సంవత్సరముల విశాలమైన విరళప్రదేశమునకు నడుమ నున్నామనుకొనుట మేలని కొందరు వాదించిరి. అట్లైనచో మనము ఆ విరళప్రదేశపు నట్టనడుమనే, దాని వ్యాసార్ధములో నూరవ వంతు మేరకు లోబడియే ఉండవలెను. లేనిచో నేపథ్య వికిరణమున కనబడు దిగ్భేదము మరింత పెద్దదై యుండెడిది.

ఈ వాదమును పరీక్షించిన పద్ధతి నాకు అత్యంత మనోహరముగా తోచును. దూరపు గెలాక్సీ సమూహములలో అత్యుష్ణమైన వాయువు నిండియుండును. ఆ వాయువులోని ఎలక్ట్రానులు తమను చేరిన నేపథ్య వికిరణమును చెదరగొట్టి, కొంత భాగమును మనవైపు మరలించును. ఆ సమూహము కేంద్రమునకు దూరమున నుండి, తన చోట ఆ వికిరణమును ఒకవైపు వెచ్చగను ఒకవైపు చల్లగను చూచుచున్నచో, దాని గుండా మనకు వచ్చు వెలుగులో ఆ భేదము ముద్రపడి యుండవలెను. కనుక మనము కదలకయే, దూరపు గెలాక్సీ సమూహముల కన్నులతో విశ్వమును చూడగల్గితిమి. విరళప్రదేశ వాదము కోరినంతటి భేదము కనబడలేదు. అంతియగాక, దూరపు వాయుమేఘములలోని అణువుల ఉద్రేకస్థితులనుబట్టి గతకాలపు వికిరణపు ఉష్ణోగ్రతను కొలువగా, ఆ మేఘములున్న చోటులందు అది విస్తరణ గణితము చెప్పినంతే యున్నది.

విస్తరించు విశ్వమున మనవైపు వచ్చుచున్న ఆండ్రోమెడా మాట చెప్పి ముందుకు పోవలెను. ప్రతి 10 లక్షల కాంతి సంవత్సరములకు సెకనుకు ఇరువది కిలోమీటర్లు మాత్రమే హెచ్చు ఈ విస్తరణము, సన్నిహితుల నడుమ గురుత్వాకర్షణకు లోబడియుండును. అందుచేతనే ఆండ్రోమెడా తొలగక సమీపించుచున్నది. స్లైఫర్ కొలిచిన వేగమునుండి సూర్యుని చలనమును తీసివేయగా, సెకనుకు దాదాపు 110 కిలోమీటర్ల వేగముతో పాలపుంతవైపు వచ్చుచున్నది. మన దేహములు గాని, భూమి గాని, సూర్యమండలము గాని, పాలపుంత గాని విస్తరించుట లేదు.

ఈ విషయమున అంతయు ముగిసినదని చెప్పను. 2021లో అతిదూరమున మిక్కిలి ఉజ్జ్వలముగా వెలుగు క్వాసారులను 13 లక్షలకు పైగా లెక్కించిన పరిశోధకులు, ఆకసమున ఒక వైపు వాని సంఖ్య అధికముగా నున్నదనియు, ఆ దిక్కు నేపథ్య వికిరణము చూపు దిక్కునకు సమీపమే యైనను, ఆ ఆధిక్యము ఊహించినదానికి రెండింతలకు పైగా నున్నదనియు ప్రకటించిరి. అది కొలతలలోని లోపమో, విశ్వములోని నిజమైన అసమానతయో ఇంకను తేలలేదు. అది నిలిచినను, అది చూపునది ఒక దిక్కును గాని ఒక కేంద్రమును గాదు. కాని విశ్వము సర్వసమానమను మాటను అంతమేరకు సవరింపవలసి యుండును. ఏదైన ఒక నాడు దూరమునకు తగని వేగము ఒక వైపున కనబడినచో, లేదా ఒక చోటనుండి నలువైపులకు సాంద్రత క్రమముగా తగ్గుచున్నట్లు తేలినచో, ఆ చోటును కేంద్రమని పిలుచుటకు శాస్త్రము సంకోచింపదు. స్లైఫర్ ఆండ్రోమెడా వర్ణపటమును పట్టుకొని నూరేండ్లు దాటినది. ఇంతవరకు కొలిచినంతలో అట్టి చోటు ఒక్కటియు కనబడలేదు.